మెట్లు లేని తలుపు

లాంప్ కోవ్, న్యూఫౌండ్‌లాండ్
20 అక్టోబరు 2024

చెల్లాయి బ్లాంచ్‌కి,

ముందు నీ దగ్గు సంగతి రాయి. వేసవిలో మీ ఊరి చుట్టూ అడవి తగలబడినప్పుడు పీల్చిన పొగ ఇంకా నీ ఛాతీలోనే ఉందని నా అనుమానం. గెయిల్‌ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమను. నీ కూతురికి నీ మీద ప్రేమ లేదనడం లేదు, దానికి తీరిక లేదని నా భయం.

ఫోను చెయ్యమంటావు. ఫోను ఎత్తగానే నా చెవి మిషను ఈల వేస్తుంది. నువ్వేమో అరుస్తావు. నువ్వు అరిస్తే ఏదో జరిగిపోయిందనుకుని ఫోను పెట్టేస్తాను. ఉత్తరమే నయం, ఉత్తరం అరవదు.

ఇక నా గోడు విను. హేవార్డ్ బాబాయి పసుపు ఇల్లుందే, నా పక్కది, అందులోకి కొత్తవాళ్ళు దిగారు. మొగుడూ పెళ్ళామూ, నిండా ముప్పై అయిదేళ్ళుండవు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చారట, చేపల ఫ్యాక్టరీలో పని. ఇంతవరకూ బాగానే ఉంది. మొన్న మధ్యాహ్నం రొట్టెకి పిండి కలుపుతుంటే వెనక తలుపు ఎవరో తట్టారు. అవును, తట్టారు. మన ఊళ్ళో తలుపు తట్టేదెవరు? ఎవరొచ్చినా తోసుకుని లోపలికొచ్చి, కెటిల్ తామే పొయ్యిమీద పెట్టుకుని, ఆ తర్వాత ఉన్నావా డల్సీ అంటారు. తలుపు తట్టి నిలబడ్డవాడంటే పోలీసన్నా అయ్యుండాలి, పాస్టరన్నా అయ్యుండాలి. మీ బావ ఛెస్ పడవ తిరిగి రాని రోజున ఇద్దరూ కలిసి వచ్చారు. టోపీలు చేతుల్లో పట్టుకుని, ముందు తలుపు మెట్లెక్కి, మూడుసార్లు తట్టారు. నలభై ఏళ్ళు దాటినా ఆ చప్పుడు నా పక్కటెముకల్లో ఉంది. ఆ మెట్లని మన తమ్ముడి చేత గొడ్డలితో నరికించి పొయ్యిలో పెట్టింది అందుకే కదా. ఇక ఆ దారిన ఏ కబురూ ఎక్కి రాకూడదని. అప్పటినుంచీ నా ముందు తలుపు నేలకి నిలువెత్తున అలా గాలిలో వేలాడుతూనే ఉంది. ఊళ్ళో ముందు తలుపు ఎవరూ వాడరు, సగం ఇళ్ళకి మెట్లే ఉండవు, కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు.

మొన్న చేతుల నిండా పిండితోనే వెళ్ళి సామాన్ల గదిలో కూర్చున్నాను. చాలాసేపు తట్టి వెళ్ళిపోయారు. తర్వాత చూస్తే గుమ్మంలో గిన్నె, మీద మూత, లోపల వేడివేడి నూడుల్స్. నిన్న మళ్ళీ తట్టారు, మళ్ళీ దాక్కున్నాను, ఈసారి కోసిన కట్టెలు. బ్లాంచ్, నిజం చెప్పు. వృద్ధుల హోమ్ వాళ్ళకి నువ్వేమైనా రాశావా? ముందు ఇంటికి భోజనం పంపుతారు, తర్వాత మనిషిని పట్టుకెళతారు అని మన ఊరి వెరా చెప్పింది. ఆ నూడుల్స్ నేను ముట్టలేదు. కొంచెం ముట్టాను. బాగానే ఉన్నాయి.

పొగగొట్టం శుభ్రం చేయించాలి, ఈ చలికాలం అది నన్ను తగలబెట్టేలా ఉంది.

భయాలతో బతుకుతున్న నీ అక్క,
డల్సీ


ఫోర్ట్ మెక్‌ముర్రీ, ఆల్బర్టా
2 నవంబరు 2024

అక్కా,

దగ్గు తగ్గింది. ఆ మాట ముందు రాయకపోతే మిగతాది చదవవని తెలుసు.

నేనెవరికీ రాయలేదు. హోమ్ వాళ్ళకి నూడుల్స్ వండేటంత మంచి బుద్ధి ఉండి ఉంటే నేనే వెళ్ళి చేరేదాన్ని. అవి తెచ్చింది నీ పక్కింటివాళ్ళు. లోకంలో నీ ఊరు తప్ప మిగతా ఊళ్ళన్నిటిలో మర్యాదస్థులు తలుపు తడతారు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఏం చేశానో మర్చిపోయావా? ఎదురింటావిడ వంటింట్లోకి నేరుగా నడిచిపోయి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ స్నానం చేసి వచ్చి నన్ను చూసి పోలీసులకి ఫోను చేసింది. వాళ్ళొచ్చేసరికి నేను ఆవిడ బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాను.

కాబట్టి గిన్నె తిరిగి ఇచ్చిరా. ఖాళీగా ఇచ్చావంటే అమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది, ఎర్రపళ్ళ జామ్ పోసి ఇవ్వు.

ఇంకో మాట, కోప్పడకు. గాండర్ ఊరి దగ్గరి ఆ హోమ్‌లో వసంతానికి ఒక గది ఖాళీ అవుతుందని గెయిల్ అంది. కిటికీలోంచి నీళ్ళు కనపడతాయట. చలికాలమంతా నువ్వొక్కదానివే పొయ్యి ఎగదోసుకుంటుంటే నాకు ఇక్కడ నిద్ర పట్టదు. నీకే కాదు, నాకూ భయాలున్నాయి. ఊరికే చెప్పాను.

నీ చెల్లి,
బ్లాంచ్


లాంప్ కోవ్
13 నవంబరు 2024

బ్లాంచ్,

గిన్నె తిరిగి ఇచ్చొచ్చాను, బతికే ఉన్నాను. వాళ్ళు బతికుండటమే విశేషం.

జామ్ పోసుకుని వెళ్ళి, అలవాటు చొప్పున తలుపు తోసుకుని వాళ్ళ వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ పిల్ల పెట్టిన కేకకి కోవ్ నీళ్ళకి అవతలి ఒడ్డున ఉన్న పక్షులు ఎగిరిపోయాయి. గరిటె నా కాళ్ళ దగ్గర పడింది. మొగుడు తువ్వాలు చుట్టుకుని, చేతిలో చీపురుతో పరుగెత్తుకొచ్చాడు. నేను జామ్ గిన్నె గుండెకి పట్టుకుని నిలబడ్డాను. ముగ్గురం ముగ్గుర్ని చూసి భయపడ్డాం. ముందు నవ్వింది ఆ పిల్లే.

దాని పేరు జోసెలిన్, అతని పేరు ఆర్నెల్. టీ ఇచ్చారు, పల్చగా ఉంది, నేర్పాలి. వాళ్ళ ఊళ్ళో ఎవరింటికెళ్ళినా బయటే నిలబడి "తావ్ పో" అని పిలవాలట. "మనిషిని వచ్చానండీ" అని దానర్థం. దేనికలా పిలవడం అన్నాను. "దెయ్యం కాదు, మనిషే అని లోపలివాళ్ళకి తెలియాలి కదా అమ్మమ్మా" అంది జోసెలిన్. మా ఊళ్ళో దెయ్యాలే తడతాయి, మనుషులు తోసుకొస్తారు అన్నాను. నవ్వులాటకి అన్నాననుకున్నారు.

తట్టొద్దు నాయనా, నేరుగా వచ్చెయ్యి అని అతనికి చెప్పాను. సరేనన్నాడు. మర్నాడు కట్టెలు తెచ్చి, తలుపు తెరిచి, లోపలికి అడుగుపెట్టి, అప్పుడు గోడమీద తట్టాడు. చెయ్యి ఊరుకోదట.

వెళ్ళేటప్పుడు బయటినుంచి నా ముందు తలుపు చూసి, "మెట్లేమయ్యాయి అమ్మమ్మా?" అని అడిగాడు. పోయాయి నాయనా అన్నాను. అంతకంటే ఏం చెప్పను, ముక్కూమొహం తెలియనివాడికి.

ఎల్లుండినుంచి పోస్టు వాళ్ళ సమ్మెట. ఈ ఉత్తరం ముందే గట్టెక్కితే బాగుండు. గది సంగతి ఇంకెత్తకు. నీళ్ళు నాకు ఈ కిటికీలోంచే కనపడతాయి.

నీ అక్క,
డల్సీ


లాంప్ కోవ్
27 నవంబరు 2024

బ్లాంచ్,

సమ్మె నడుస్తోంది, ఇది నీకెప్పుడు చేరుతుందో దేవుడికే తెలియాలి. అయినా రాస్తున్నాను, లేకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

శనివారం చర్చి హాలులో భోజనాలకి వెళ్ళాను. ఉప్పు మాంసం, క్యాబేజీ, బఠానీ ముద్ద. మాంసం ఉడకలేదు, తిన్నవాళ్ళకి ఏమవుతుందో అని ఇంకా చూస్తున్నాను. పీతల పడవ సరంగు గస్ నన్ను ట్రక్కులో ఇంటికి దింపుతూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. దేనికో అనుకున్నాను. మలుపు తిరిగాం.

నా ముందు తలుపుకి మెట్లున్నాయి.

అప్పుడే కొట్టినవి. రెండు పక్కలా చేతికి పట్టు. కిందమెట్టు మీద జోసెలిన్ కూర్చుని చేతులూపుతోంది. ఆర్నెల్ సుత్తి పట్టుకుని, పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. పాత రేవు విప్పినప్పటి కలప గస్ ఇచ్చాడట, ముసలావిడ మెట్లు విరిగిపోయి చేయించుకోలేక ఊరుకుంది పాపం అనుకుని సెలవురోజంతా చలిలో కొట్టాడట. వాళ్ళ మొహాలు ఎలా వెలిగిపోతున్నాయో చూస్తే నువ్వు ఏడ్చేదానివి. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. చలి అన్నాను, వెనకనుంచి లోపలికి వెళ్ళిపోయాను.

బీరువా ఈడ్చుకెళ్ళి ఆ తలుపుకి అడ్డం పెట్టాను. అయినా కూర్చుంటే కాళ్ళ చప్పుడు విన్నట్టే ఉంటోంది. ఎవరైనా ఎక్కి రావచ్చు ఇప్పుడు. ఏదైనా ఎక్కి రావచ్చు. నాకిక ఎవరున్నారు కబురు రావడానికి అంటావేమో. నువ్వు లేవూ?

ఈ ఇంట్లో నేనిక ఉండలేను బ్లాంచ్.

డల్సీ


లాంప్ కోవ్
8 డిసెంబరు 2024

చెల్లాయికి,

పోయినసారి రాసింది పట్టించుకోకు. రెండూ ఒకేసారి వస్తాయిలే.

జోసెలిన్ వచ్చి బీరువా చూసింది. గాలి వస్తోందా అమ్మమ్మా అని అడిగింది. అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఛెస్ గురించి చెప్పాను, టోపీల గురించి, గొడ్డలి గురించి అన్నీ చెప్పాను. ఆ పిల్ల కింద కూర్చుని నా మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. వాళ్ళ నాన్న కూడా చేపలకెళ్ళి తుపానులో పోయాడట. రేపే పీకించేస్తాను అంది. సుత్తి తేవడానికి అప్పుడే లేచింది కూడా.

వద్దన్నాను. నేనే అన్నాను, నేనే ఆశ్చర్యపోయాను. ఎలాగూ వాటిమీద మంచు పడిపోయింది, వసంతం రానీ చూద్దాం అన్నాను. ఎవరో ఒకరు నా కోసం అంత చలిలో మేకులు కొట్టి ఎన్నాళ్ళయింది చెప్పు. బీరువా మాత్రం తియ్యలేదు.

నేను లేవకముందే ఆర్నెల్ వెనక తోవలో మంచు తీసి వెళ్ళిపోతున్నాడు. మనిషి కనపడడు, తోవ కనపడుతుంది. పొగగొట్టం కూడా శుభ్రం చేశాడు. పైనుంచి పడతాడేమోనని కింద నిలబడి అరుస్తూనే ఉన్నాను.

నీకు ఊలు మేజోళ్ళు అల్లాను, సమ్మె అయ్యాక పంపుతాను.

నీ అక్క


ఫోర్ట్ మెక్‌ముర్రీ
24 డిసెంబరు 2024

అక్కా,

నువ్వు నవంబరు ఇరవై ఏడున రాసింది ఇవాళే చేరింది. డెబ్భై ఎనిమిదేళ్ళలో ఈ ఇంట్లో ఉండలేను అన్న మాట నీ నోట మొదటిసారి విన్నాను. వెంటనే గెయిల్ చేత హోమ్‌కి ఫోను చేయించాను. గది నీ పేరున పెట్టమన్నాను, మే నెల మొదటినుంచి. పాస్టరుగారికి కూడా చెప్పాను, వచ్చి నీతో మాట్లాడతారు. నువ్వు అడిగిందే చేశాననుకో, భయపడకు.

పండగపూట ఒంటరిగా ఉండకు. వెరా దగ్గరికి వెళ్ళు.

బ్లాంచ్


లాంప్ కోవ్
10 జనవరి 2025

బ్లాంచ్,

నేను నిన్ను ఏమడిగాను?

పాస్టరుగారు వచ్చారు. కొత్త కదా, తట్టకూడదని ఆయనకి తెలియదు. వెనక తలుపు తట్టి, గదికి శుభాకాంక్షలు చెప్పాడు. ఏ గది అన్నాను. మీ చెల్లెలు ఏర్పాటు చేసిన గది అన్నాడు. నా టీ తాగుతూ నా ఇంట్లో కూర్చుని నా చేతిమీద తట్టాడు. నూడుల్స్ గిన్నె చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది, నువ్వు కాదన్నావు. సొంత చెల్లెలు.

క్రిస్మస్‌కి నేను ఒంటరిగా లేను. పసుపు ఇంట్లో ఉన్నాను. పంది మాంసం, అన్నం, నా ఉప్పు చేప కూడా వండించాను. కాగితంతో చేసిన నక్షత్రం కిటికీలో వెలిగించారు. నీకు చెప్పాలని ఎంతో ఉండింది. ఇప్పుడు లేదు.

డల్సీ


ఫోర్ట్ మెక్‌ముర్రీ
27 జనవరి 2025

అక్కా,

డిసెంబరు ఎనిమిదిన రాసింది నిన్న వచ్చింది. సమ్మె ముగిసినా ఆ ఒక్క ఉత్తరం ఏ గోనెసంచి అడుగున ఇరుక్కుందో. అది ముందే చదివుంటే గది మాట ఎత్తేదాన్నే కాదు. వంటింట్లో కూర్చుని చదివి గెయిల్ చూడకుండా ఏడ్చాను.

నువ్వు భయపడుతుంటే నాకు ఒకటే తోస్తుంది, నిన్ను ఎక్కడో గట్టిగా మూసిపెట్టాలని. చిన్నప్పుడు ఉరుము వస్తే నువ్వు నన్ను అలమరలో పెట్టి తలుపు వేసేదానివి కదా. నీ దగ్గరే నేర్చుకున్నాను.

గది ఏప్రిల్ ఆఖరువరకూ ఉంచుతారట. నీకు కావాలంటే తీసుకో, లేదంటే వద్దని నేనే చెబుతాను. నువ్వు రాసేదాకా ఎవరితోనూ మాట్లాడను. ఆ పిల్లతో, అబ్బాయితో చెప్పు, వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను. నేను తియ్యాల్సిన మంచు వాళ్ళు తీస్తున్నారు.

మేజోళ్ళు పంపుతావా, పంపవా?

నీ చెల్లి


లాంప్ కోవ్
16 మార్చి 2025

చెల్లాయి బ్లాంచ్‌కి,

మేజోళ్ళు పంపుతున్నాను. కోపం పోయిందని కాదు, నీ కాళ్ళకి చలి వేస్తుందని.

మన సరుకుమీద సుంకం వేస్తున్నారని ఇక్కడ అందరూ అమెరికా సరుకు కొనడం మానేశారు. కొట్లో ప్రతి సీసా తిప్పి ఎక్కడ తయారైందో చూస్తున్నారు, నేను అద్దాలు మర్చిపోతే గంట పడుతుంది. నారింజలు లేక ఉన్నాం. ఫిబ్రవరిలో అమెరికా వాళ్ళమీద హాకీ ఆట మా వంటింట్లోనే చూశాం, గస్, వెరా, పక్కింటివాళ్ళు అందరూ వచ్చారు. మనవాడు చివరి గోలు కొట్టగానే ఆర్నెల్ నన్ను కుర్చీతో సహా ఎత్తేశాడు. అతనికి ఆట నియమాలేవీ తెలియవు.

సంతోషమంతా చెప్పేశాను, ఇక విను. గస్ తన పీతల పడవలో ఆర్నెల్‌కి చోటిచ్చాడు. వచ్చే నెలలో బయల్దేరతారు. కొత్త రబ్బరు బూట్లు వేసుకుని వచ్చి చూపించాడు. వద్దు నాయనా, ఫ్యాక్టరీలో చలి వేసినా నేల కదలదు అన్నాను. "నేను పడవలో పుట్టినవాణ్ణి అమ్మమ్మా" అన్నాడు. ఛెస్ కూడా అలాంటి మాటే అనేవాడు.

నాకేమైనా కొడుకా, మనవడా? అన్నం సహించడం లేదు. హోమ్‌లో ఆ గది కిటికీ నిజంగా నీళ్ళవైపేనా? నీళ్ళు కనపడని గది ఉంటే అడుగు. నేను వస్తానేమో.

నీ అక్క,
డల్సీ


లాంప్ కోవ్
24 ఏప్రిల్ 2025

బ్లాంచ్,

ముందే చెబుతున్నాను, అందరూ క్షేమం. ఇప్పుడు కూర్చుని చదువు.

సోమవారం పొద్దున పడవ వెళ్ళింది. మంగళవారం ఈశాన్యపు గాలి లేచింది, మంచు గడ్డల్ని తోసుకొచ్చి పడవలొచ్చే కోవ్ మూతిని మూసేసింది. కరెంటు పోయింది, టవరు పడిపోయి ఫోన్లు పోయాయి. గస్ పడవ తిరిగి రాలేదు. రేవులో మగవాళ్ళు నిలబడి సముద్రం వైపే చూస్తున్నారని వెరా వచ్చి చెప్పింది. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు.

జోసెలిన్ నా దగ్గరికొచ్చింది. తట్టలేదు. మొదటిసారి మన ఊరి పిల్లలా తోసుకుని వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. నేను రొట్టె చేశాను, తినలేదు. ఇంకోటి చేశాను. దీపం ముందు గదిలో సముద్రం వైపు కిటికీలో పెట్టాను, బీరువా పక్కనే. బుధవారం మధ్యాహ్నానికి గాలి తగ్గింది. మేమిద్దరం దీపంలో నూనె పోయడానికని ముందు గదిలోకి వెళ్ళాం.

అప్పుడు మెట్లమీద బూట్ల చప్పుడు వినిపించింది. ముందు తలుపు ఎవరో తట్టారు.

మూడుసార్లు.

ఆ చప్పుడంటే ఏమిటో నేనే ఆ పిల్లకి చెప్పాను కదా. జోసెలిన్ గోడకి ఆనుకుని అలా కిందికి జారిపోయింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. "తియ్యొద్దు అమ్మమ్మా" అంది.

సామాన్ల గది ఎంత దూరమో నా కాళ్ళకి తెలుసు. కానీ నేను వెళ్ళి దాక్కుంటే ఈ పిల్ల లేచి తీయాల్సి వస్తుంది. ఆ తలుపు అవతల ఎవరు నిలబడతారో, టోపీ చేతిలో పట్టుకుని ఎలా చూస్తారో, అది ఆ పిల్ల ఒక్కతే చూడకూడదు. నేను చూసినట్టు చూడకూడదు. బీరువా పట్టుకుని లాగాను. లోపల అమ్మ పింగాణీ పళ్ళేలు గలగలమన్నాయి. ఏదో పగిలింది, పగలనీ అనుకున్నాను. తలుపు తీద్దామంటే రంగు పట్టి బిగుసుకుపోయింది. గడియ తీసి భుజంతో తోస్తున్నాను.

అవతలనుంచి ఒక గొంతు.

"తావ్ పో."

నాకు చెవి మిషనులో వినపడిందో, వినాలనుకుని విన్నానో తెలియలేదు. జోసెలిన్‌కి మాత్రం వినపడింది. నేలమీదనుంచి అలాగే పాకుతూ వచ్చి, నాతో కలిసి తలుపు తోసింది. అతను అవతలనుంచి లాగాడు. నలభై ఏళ్ళ రంగు పెచ్చులుగా రాలి, ఒక్కసారిగా వెలుతురు లోపల పడింది.

ఆర్నెల్. మొహమంతా ఉప్పు చారలు, కొత్త బూట్లలో ఒకటే ఉంది. వెనక కింది మెట్టుమీద గస్. ఇంజను ఆగిపోయి, మంచు వాళ్ళని పక్క హార్బరులోకి తోసిందట. అక్కడివాళ్ళు రాత్రంతా ఉంచుకుని, పొడిబట్టలిచ్చి, ట్రక్కులో తెచ్చి రేవు దగ్గర దింపారట. పడవలోని నలుగురికి నలుగురూ క్షేమం. రేవునుంచి చూస్తే నా దీపం కనపడిందట. దగ్గరి దారి ఈ మెట్లే కదా అని ఎక్కాడట.

జోసెలిన్ అతన్ని గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలి, నా చీపురు తీసుకుని వీపుమీద రెండు వేసింది. "ఇక్కడ తట్టొద్దని ఎన్నిసార్లు చెప్పింది అమ్మమ్మ" అంది. అతను తెల్లబోయి చూశాడు. "తలుపు కదా, తట్టాను" అన్నాడు.

నేను బయటికి వెళ్ళి పైమెట్టుమీద కూర్చున్నాను. వాటిమీద కూర్చోవడం అదే మొదలు. చలిగా ఉంది, నడుం పట్టేస్తుందని తెలుసు, అయినా కూర్చున్నాను. మంచి మెట్లు బ్లాంచ్. ఒక్కటీ కదలదు. గస్ వచ్చి పక్కన కూర్చుని, "ఆ బీరువాని నువ్వొక్కదానివే జరిపావా డల్సీ? ఇద్దరు మగవాళ్ళు కావాలి దానికి" అన్నాడు. అతనికి టీ ఇచ్చాను. ఆర్నెల్‌కి ఆ రోజు చెప్పని థాంక్స్ కూడా చెప్పాను. దేనికో అతనికి అర్థం కాలేదు. రొట్టెకి అనుకున్నాడు.

ఇవాళ ఆదివారంలా అనిపిస్తోంది, గురువారమే. రాస్తూ రాస్తూ దేవుడికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. ఆ పక్క హార్బరు వాళ్ళ పేర్లు కనుక్కుని మేజోళ్ళు అల్లి పంపాలి. పాపం పొడిబట్టలన్నీ ఇచ్చేశారట, వాళ్ళేం కట్టుకుంటున్నారో.

ఆ గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను. నువ్వు మంచికే చేశావు, నాకు తెలుసు. అక్కడ చేరే ముసలావిడకి నీళ్ళు చూడటం ఇష్టమైతే బాగుండు. బీరువా మళ్ళీ ఆ తలుపు దగ్గరికి జరపలేదు. ఆర్నెల్ వచ్చే వారం మళ్ళీ పడవలో వెళతాడు, నాకు మళ్ళీ అన్నం సహించదు, అది వేరే సంగతి.

జూలైలో నువ్వు రా. గెయిల్‌ని కూడా తీసుకురా, నిన్ను డాక్టరు దగ్గరికి ఇక్కడే తీసుకెళ్ళొచ్చు. ఎర్రపళ్ళ జామ్ ఒక సీసా దాచి ఉంచాను. ఏ తలుపున వచ్చినా సరే. తోసుకుని రా. తట్టినా పరవాలేదు, తీస్తాను.

నీ అక్క,
డల్సీ